తోక మారితే తల కూడా కదులుతుంది: చైనా నగర విభాగాల పేర్లు

చైనాలోని ఆన్‌హుయ్ ప్రావిన్స్‌లో ‘హువాంగ్‌షాన్ వెళ్లాలి’ అంటే, ‘ఏ హువాంగ్‌షాన్?’ అని ఎదుటివారు అడగడంలో వింతేమీ లేదు. ఉత్త హువాంగ్‌షాన్ అంటే మబ్బుల మధ్య రాతి శిఖరాలతో, బండల్లోంచి మొలిచిన పైన్ చెట్లతో పేరుపడిన కొండ. హువాంగ్‌షాన్ షి అంటే ఆ కొండ పేరు పెట్టుకున్న నగరం. హువాంగ్‌షాన్ చ్యూ అంటే ఆ నగరంలో ఒక విభాగం. నగర ప్రభుత్వ కార్యాలయాలూ విమానాశ్రయమూ పాత బజారు వీధీ ఉన్నది మాత్రం ఈ చ్యూలో కాదు, తున్‌షీ అనే మరో చ్యూలో. అక్కడ దిగి తలెత్తి చూస్తే కొండ కనిపించదు. ఇంకా అరవై, డెబ్బై కిలోమీటర్లు పోవాలి.

ఈ గందరగోళం 1987లో మొదలైంది. అంతకుముందు ఆ ప్రాంతం పేరు హుయిజౌ. సోంగ్ వంశ కాలంలో, 1121లో పెట్టిన పేరు అది. ఆన్‌హుయ్ అనే ప్రావిన్స్ పేరులో మొదటి సగం ఆన్‌చింగ్ నుంచి వస్తే, రెండో సగం ఈ హుయిజౌ నుంచే వచ్చింది. మింగ్, చింగ్ రాజుల కాలంలో ఉప్పు, తేయాకు అమ్ముకుంటూ దేశమంతా పాకిన వర్తకులకూ, రాతగాళ్లు కోరి కొనుక్కునే సిరాకూ, తెల్ల గోడల మీద నల్ల పెంకులు కప్పిన ఇళ్లకూ ఆ పేరే ముద్ర. కానీ యాత్రికులు వచ్చేది కొండ కోసం. అందుకని ఊరికీ కొండ పేరే పెట్టారు. పాత పేరును పూర్తిగా చెరిపేయడానికి మనసొప్పలేదేమో, దాన్ని ఒక చిన్న చ్యూకు తగిలించారు. తమాషా ఏమిటంటే, కోట గోడలున్న అసలు హుయిజౌ పాత పట్టణం ఆ హుయిజౌ చ్యూలో లేదు. పక్కనున్న షె షియెన్ అనే మరో పాలనా ప్రాంతంలో ఉంది. పాత పేరు పాతచోటికి తిరిగి ఇవ్వాలన్న వాదన ఇప్పటికీ చల్లారలేదు.

ఒక్క మార్పు ఇంత చిక్కుముడి ఎందుకు వేసింది? చైనా స్థలనామంలో రెండు భాగాలుంటాయి. ముందుది ఊరి గుర్తు: నది, కొండ, గుడి, కోట ద్వారం, ఒక వంశం. వెనకది హోదా. షెంగ్ అంటే ప్రావిన్స్, షి అంటే నగరం, షియెన్ అంటే పల్లెలతో కూడిన పాలనా ప్రాంతం, చ్యూ అంటే నగర విభాగం. తల పెట్టేది చరిత్ర, తోక తగిలించేది ప్రభుత్వం. తోక ఒక్కటే మారితే గొడవ ఉండదు. కానీ తోక మార్చబోయిన చోటల్లా తల కూడా కదులుతోంది. గత నలభై ఏళ్లుగా చైనా పటం మీద నడుస్తున్న కథ చాలావరకు ఇదే.

తెలుగు పాఠకుడికి మొదట అడ్డొచ్చేది అనువాదం. చ్యూని ఇంగ్లీషులో ‘డిస్ట్రిక్ట్’ అంటారు. ఆ మాటను పట్టుకుని తెలుగు వార్తల్లో ‘జిల్లా’ అని రాసేస్తారు. బీజింగ్‌లోని చావోయాంగ్ జిల్లా అనగానే కలెక్టరు, మండలాలు, చెరువు కింద పొలాలు మనసులో మెదులుతాయి. నిజానికి చావోయాంగ్ ఒక నగరంలో ముక్క. విస్తీర్ణం 470 చదరపు కిలోమీటర్లు, 2020 జనగణన ప్రకారం జనాభా 34.5 లక్షలు. విదేశీ రాయబార కార్యాలయాలూ ఆకాశహర్మ్యాలూ అక్కడే ఎక్కువ. మన జిల్లాకు పోలికలో దగ్గరగా వచ్చేది చ్యూ కాదు, షి. పేరుకు నగరమే అయినా చాలా షిల విస్తీర్ణంలో ఎక్కువ భాగం కొండలూ, వరిపొలాలూ, పల్లెలే. నగరాల కిందికి చుట్టుపక్కల షియెన్లను చేర్చే పద్ధతి 1980ల మొదట్లో ఊపందుకుంది. అప్పటి నుంచి ‘నగరం’ అన్న మాటకు అర్థం సాగిపోయింది.

చోంగ్‌చింగ్ దీనికి పరాకాష్ఠ. 1997లో కేంద్రం నేరుగా పాలించే నగరం చేసినప్పుడు దానికి 82,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల దక్కింది. తెలంగాణలో దాదాపు నాలుగింట మూడు వంతులన్నమాట. జనాభా 3.2 కోట్లు. ‘ప్రపంచంలోనే అతి పెద్ద నగరం’ అంటూ దాని గురించి తరచూ రాస్తుంటారు. షి అన్న తోకను అక్షరాలా నమ్మితే జనాభా లెక్కన అది నిజమే, కళ్లతో చూస్తే మాత్రం అది ఒక రాష్ట్రం. అందులోని వాన్‌జౌ చ్యూ నగరం నడిబొడ్డుకు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఆ వాన్‌జౌ ఒకప్పుడు వాన్‌షియెన్ అనే స్వతంత్ర నగరం. పెద్ద నగరం విస్తరించగానే చిన్న నగరం దానిలో విభాగమైంది, పేరు చివర ఉన్న షియెన్ పోయి జౌ వచ్చింది.

నగరంలో నగరం కూడా ఉంటుంది. చిల్లర సామాన్ల టోకు బజారుతో ప్రపంచమంతా తెలిసిన యీవూ ఒక షి. కానీ అది జిన్‌హువా అనే మరో షి పాలనలో ఉంటుంది. చైనా చిరునామా ఇంటి నంబరుతో మొదలవదు. ప్రావిన్స్‌తో మొదలై పెద్ద నుంచి చిన్నకు దిగుతూ ఇంటి నంబరు దగ్గర ఆగుతుంది. అందువల్ల ఒకే చిరునామాలో రెండు షిలు వరసగా కనబడితే కంగారు పడనక్కరలేదు. రెండోది మొదటిదానిలో భాగం. దీనికి పూర్తి విరుద్ధంగా చ్యూ అన్నదే లేని నగరాలూ ఉన్నాయి. గ్వాంగ్‌డోంగ్ ప్రావిన్స్‌లోని డోంగ్‌గువాన్, జోంగ్‌షాన్ అలాంటివి. నగరం కింద నేరుగా వార్డుల్లాంటివీ చిన్న పట్టణాలూ ఉంటాయి. గొట్టంలా మధ్యలో అంతస్తు లేదు కాబట్టి వీటిని అక్కడివారు ‘నిలువు గొట్టం నగరాలు’ అంటారు.

దేశం మొత్తం మీద 970కి పైగా చ్యూలున్నాయి. అన్నిటికీ తోక ఒకటే, దర్జా మాత్రం ఒకటి కాదు. గులౌ చ్యూల సంగతి చూస్తే ఇది తేలికగా బోధపడుతుంది. గులౌ అంటే నగారా బురుజు. పూర్వపు నగరాల్లో పొద్దు తెలిపే నగారా మోగించిన చోటు. నాన్‌జింగ్‌లో ఒక గులౌ చ్యూ ఉంది, ఫుజౌలో ఒకటి, షుజౌలో ఒకటి, కైఫెంగ్‌లో ఒకటి. నాన్‌జింగ్ ప్రావిన్స్ స్థాయికి ఒక్క మెట్టు కింద ఉండే 15 నగరాల్లో ఒకటి కాబట్టి, అక్కడి గులౌ అధిపతి హోదా మిగతా మూడు గులౌల అధిపతుల కంటే పైది. బీజింగ్, షాంఘైలలోని చ్యూల పెద్దలు ఇంకో మెట్టు పైన. షాంఘై నదికి తూర్పున ఉన్న పుదోంగ్ అధిపతికైతే ఏకంగా ఉపప్రావిన్స్ హోదా. పేరొకటి, తోకొకటి, కుర్చీ ఎత్తు మాత్రం నగరాన్ని బట్టి.

ఒకే పేరు నాలుగు చోట్ల ఎలా ఉండనిచ్చారన్న అనుమానం న్యాయమైనదే. పేర్ల పునరావృతాన్ని తగ్గించే ప్రయత్నం కొత్తది కాదు. 1914లోనే అప్పటి గణతంత్ర ప్రభుత్వం ఒకే పేరున్న షియెన్లను ఏరి, వందకు పైగా పేర్లను మార్చింది. 1986 నాటి స్థలనామ నిబంధనలు కూడా షియెన్, షి, ఆపై స్థాయి పేర్లు దేశంలో ఒకదానికొకటి కలవకూడదన్నాయి. ఆ వాక్యంలో చ్యూ లేదు. చ్యూ పేరును ఎప్పుడూ నగరం పేరు వెనకే పలుకుతారు కాబట్టి ఇబ్బంది లేదని లెక్క. ఇబ్బంది లేకపోలేదు. గ్వాంగ్‌జౌలో ఒక హువాంగ్‌పు చ్యూ, షాంఘైలో ఒక హువాంగ్‌పు చ్యూ ఉన్నాయి. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. రాతలో మాత్రం రెండో అక్షరం వేరు. చైనా లిపిలో చదివేవారికి అవి రెండు ఊళ్లు, ఇంగ్లీషులోనో తెలుగులోనో చదివేవారికి ఒకటే ఊరు.

పేర్ల తలల్లో అన్నీ అందమైనవేమీ కావు. పరిశ్రమల కోసం నగరాలను పెంచినప్పుడు, పేరు పెట్టే పని కొలబద్ద పట్టుకున్నవారికి అప్పగించారేమో అనిపిస్తుంది. షెన్‌యాంగ్‌లో తియేషీ చ్యూ అంటే రైలుపట్టాలకు పడమర. షిజియాజువాంగ్‌లో చియావోషీ అంటే వంతెనకు పడమర, 2014 దాకా ఉన్న చియావోదోంగ్ అంటే వంతెనకు తూర్పు. షింగ్‌తాయ్‌లోనూ ఒకప్పుడు అవే రెండు పేర్లు, జాంగ్‌జియాకౌలో ఇప్పటికీ అవే. షాన్‌షీ ప్రావిన్స్‌లోని యాంగ్‌చువాన్‌లోనైతే ఇప్పటికీ మూడు విభాగాల పేర్లు ఇవి: నగర విభాగం, గని విభాగం, శివారు విభాగం. పిల్లవాడికి ‘పిల్లవాడు’ అని పేరు పెట్టినట్టు.

ఆ ప్రావిన్స్‌లోనే దాతోంగ్‌లో ఇలాంటి పేర్లే ఉండేవి. 2018లో వాటిని తీసేశారు. నగర విభాగం ఉన్నచోట పింగ్‌చెంగ్ వచ్చింది. ఉత్తర వెయ్ వంశం ఐదో శతాబ్దంలో ఇక్కడి నుంచి ఏలినప్పుడు రాజధాని పేరు అదే. గనుల వైపు భాగానికి యున్‌గాంగ్ పేరు పెట్టారు. ఆ కాలంలోనే కొండను తొలిచి వేలాది బుద్ధ విగ్రహాలు చెక్కిన గుహల పేరు అది. 2020లో షింగ్‌తాయ్ కూడా వంతెన పేర్లను వదిలి షియాంగ్‌దూ, షిన్‌దూ అని పెట్టుకుంది. బొగ్గు పేరుతో బతికిన ఊరు బుద్ధుడి పేరుతో బతకాలనుకోవడంలో పర్యాటకుల మీది ఆశ ఎంత, చరిత్ర మీది మమకారం ఎంత అని తూకం వేయడం కష్టం. అయినా హువాంగ్‌షాన్‌లో జరిగిన దానికీ దీనికీ తేడా ఉంది. అక్కడ పొరుగున ఉన్న ప్రసిద్ధమైన పేరును తెచ్చి బతికున్న పేరు మీద కప్పారు. ఇక్కడ పేరే లేనిచోట పాతిపెట్టిన పేరును తవ్వి తీశారు.

పేరు తెచ్చుకోవడంలో పోటీ ఎక్కడిదాకా పోతుందో షియాంగ్‌యాంగ్ చెబుతుంది. హాన్ నదికి చెరొక ఒడ్డున షియాంగ్‌యాంగ్, ఫాన్‌చెంగ్ అనే రెండు పట్టణాలు. కలిపి షియాంగ్‌ఫాన్ అన్నారు. 2010 చివర్లో నగరం తనకు ప్రాచీనమైన షియాంగ్‌యాంగ్ పేరే కావాలంది. కానీ అప్పటికే దాని కింద షియాంగ్‌యాంగ్ చ్యూ ఒకటుంది. పై అంతస్తు పేరు తీసుకుంది కాబట్టి కింది అంతస్తు ఖాళీ చేసి షియాంగ్‌జౌగా మారింది. యున్నాన్‌లో 2007లో ఇదే జరిగింది. సిమావో నగరానికి తేనీటి పేరుతో లోకమెరిగిన పుఆర్ పేరు పెట్టారు. ఆ పేరు అసలు సొంతదారైన షియెన్ నింగ్‌ఆర్ అయింది. సిమావో ఆ నగరంలో ఒక చ్యూగా మిగిలింది.

షియెన్ చ్యూగా మారినప్పుడు ఇంకో చిత్రమైన సమస్య వస్తుంది. అది వ్యాకరణం కాదు, చెవి అలవాటు. చైనా భాషకు పేరు రెండు అక్షరాలుంటే నిండుగా ఉంటుంది. ఒక్కక్షరపు పేరున్న షియెన్‌కు ‘షియెన్’ అన్న తోకే రెండో అక్షరంగా పనికొస్తుంది. ఆ తోక తీసి చ్యూ పెడితే పేరు కుంటుతుంది. అందుకే బీజింగ్ తూర్పున ఉన్న తోంగ్ షియెన్ 1997లో చ్యూ అయినప్పుడు తోంగ్‌జౌ అయింది. చెంగ్‌దూ పక్కన ఉన్న పీ షియెన్ 2016లో పీదూ చ్యూ అయింది. దూ అంటే రాజధాని, పూర్వం షూ రాజ్యానికి అది రాజధాని అన్న జ్ఞాపకం. అయితే ఆ ఊరి ఘనత రాజధానితో రాలేదు, జాడీతో వచ్చింది. చిక్కుడు గింజలూ ఎర్ర మిరపకాయలూ కలిపి నెలల తరబడి ఎండలో ఊరబెట్టే ముద్ద అది. సిచువాన్ వంటకు ప్రాణమంటారు. పటం మీద పీ షియెన్ లేదు, జాడీ మీది చీటీలో మాత్రం ఇప్పటికీ ‘పీ షియెన్ దౌబాన్’ అనే ఉంటుంది. ప్రభుత్వం తోక తీసేసింది గానీ వంటింటి నుంచి తీయలేకపోయింది.

షియాన్ నగరం పక్కనున్న హూ షియెన్‌ది ఇంకా మెలికల కథ. దాని పేరులోని పాత అక్షరం గీతలెక్కువ, వాడుక తక్కువ. ఆ ఊరి పేరు రాయడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. 1964లో షాన్‌షీ ప్రావిన్స్‌లో ఇలాంటి కొరుకుడు పడని స్థలనామాలను ఒక్క ఊపున సులువు చేశారు (చోంగ్‌చింగ్ ఉత్తరాన ఉన్న ప్రావిన్స్ ఇది. పైన చెప్పిన దాతోంగ్ ఉన్నది ఇదే ఉచ్చారణకు దగ్గరగా ఉండే మరో ప్రావిన్స్‌లో). హూ పాత అక్షరం పోయి, ‘ఇల్లు’ అనే అర్థమున్న నాలుగు గీతల అక్షరం వచ్చింది. పలుకు మారలేదు, అర్థం గాలికి పోయింది. దాని పొరుగున ఉన్న జౌజీకీ అదే గతి. దాని పాత అక్షరాలకు కొండ మలుపు, నీటి మలుపు అని అర్థం, కొత్తవాటికి ఆ ఊరితో ఏ సంబంధమూ లేదు. ఆ తర్వాత 2017లో హూ షియెన్ చ్యూగా మారింది. అప్పుడు పాత కష్టమైన అక్షరాన్ని వెతికి తెచ్చి, వెనక ఊరు అనే అర్థమిచ్చే ‘యి’ చేర్చి హూయి చ్యూ అన్నారు. అక్షరాస్యత కోసం వదిలిన అక్షరం యాభై ఏళ్ల తర్వాత గౌరవం కోసం తిరిగి వచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో తోక మారి తల బాగుపడిన సందర్భం బహుశా ఇదొక్కటే చెప్పుకోదగ్గది.

షియెన్లను చ్యూలు చేయాలన్న ఆరాటం పేరు కోసం కాదు. షియెన్‌కు సొంత ఖజానా, భూమి మీద సొంత నిర్ణయాలు ఉంటాయి. చ్యూ అయ్యాక పట్టణ ప్రణాళిక, భూముల కేటాయింపు చాలావరకు నగరం చేతికి పోతాయి. చైనాలో నగర భూమి ప్రభుత్వానిది. దాని వాడకపు హక్కులు అమ్మితే వచ్చే సొమ్ము స్థానిక ప్రభుత్వాలకు పెద్ద ఆదాయం. కాబట్టి నగరానికి షియెన్ అంటే ఇంకా అమ్మని నేల. షియెన్ జనంలో కొందరికి ఇల్లు నగరంలోకి వచ్చిందన్న సంతోషం, ధరలు పెరుగుతాయన్న ఆశ. అధికారులకు కుర్చీ కింద నేల జారుతోందన్న భయం. 2013లో జెజియాంగ్ ప్రావిన్స్‌లోని హూజౌ నగరం తన కిందనున్న సంపన్నమైన చాంగ్‌షింగ్ షియెన్‌ను చ్యూ చేయబోతే అక్కడి అధికారులే ఎదురు తిరిగారు. ప్రతిపాదన అటకెక్కింది. చివరికి కేంద్రానికే ఈ వేగం ఎక్కువనిపించింది. షియెన్లను చ్యూలుగా మార్చడంలో కఠినంగా ఉండాలని 2022 నుంచి అధికారిక పత్రాల్లో రాస్తున్నారు, అనుమతులూ తగ్గాయి.

మన దగ్గర పాలనా విభాగాలు విడిపోతుంటాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కొత్తవాటిలో అల్లూరి, అన్నమయ్య, ఎన్టీఆర్ వంటి పేర్లు వచ్చాయి. చైనా నగరాల నడిబొడ్డున జరుగుతున్నది దీనికి తలకిందులు. అక్కడ చ్యూలు కలిసిపోతున్నాయి. నాయకుల పేర్లు ఊళ్లకు పెట్టకూడదని కమ్యూనిస్టు పార్టీ 1949లోనే అనుకుంది కాబట్టి కొత్త పేరు కావాలంటే ఆ దారి లేదు. రెండు కలిస్తే రెండిట్లో ఒక పేరు చావాలి. బీజింగ్ 2010లో తన నడిమి నాలుగు చ్యూలను రెండు చేసింది. పోయినవి చోంగ్‌వెన్, ష్వెన్‌వు. ఒకటి విద్యను గౌరవించడం, మరొకటి శౌర్యాన్ని చాటడం. రాజనగరం దక్షిణపు గోడలో తూర్పున ఒకటి, పడమర ఒకటి ఉన్న ద్వారాల పేర్లు అవి. సభలో ఒక పక్క పండితులు, ఒక పక్క సేనానులు నిలబడినంత పొందిక వాటిది. మిగిలినవి దోంగ్‌చెంగ్, షీచెంగ్: తూర్పు ఊరు, పడమటి ఊరు. నాలుగింట్లో చప్పని రెండు నిలిచాయి. ద్వారాలను 1960ల్లోనే కూల్చారు, ఇప్పుడు చ్యూలూ లేవు. ఆ పేర్లను రోజూ పలుకుతున్నది భూగర్భ రైలులో స్టేషన్లను ప్రకటించే గొంతు.

షాంఘై 2015లో జాబెయ్‌ను జింగ్‌ఆన్‌లో కలిపింది. షాంఘై పాతకాపులు ఊరిని ‘పై మూల’, ‘కింది మూల’ అని రెండుగా చెబుతారు. జింగ్‌ఆన్ పై మూల, పాత గుడి పేరు, ఖరీదైన వీధులు. జాబెయ్ కింది మూల, మదుముకు ఉత్తరాన అని అర్థం. 1932లోనూ 1937లోనూ జపాను బాంబులకు నేలమట్టమైన కార్మికవాడలవి. కలయికలో ఏ పేరు నిలుస్తుందో ఎవరూ పందెం కాయలేదు. చైనా సైనికులు 1937లో నిలిచి పోరాడిన సీహాంగ్ గిడ్డంగి గోడల మీద తూటా గుంతలు ఇప్పటికీ కనిపిస్తాయి. అది పోరాడింది జాబెయ్‌లో, ఇప్పుడున్నది జింగ్‌ఆన్‌లో.

ఇంత మార్పుల మధ్య అసలు మార్చాల్సిన పేరును ఎవరూ ముట్టుకోని చోటు కూడా ఉంది. పేరులో యాంగ్ ఉంటే నదికి ఉత్తరాన, లేదా కొండకు దక్షిణాన ఉన్న ఊరని అర్థం. ఎండ పడే వైపన్నమాట. లువోయాంగ్ లువో నదికి ఉత్తరాన ఉన్నది. అదే లెక్కన వుహాన్‌లోని హాన్‌యాంగ్ చ్యూ హాన్ నదికి ఉత్తరాన ఉండాలి. అది ఉన్నది దక్షిణాన. పదిహేనో శతాబ్దంలో నది దారి మార్చుకుని ఊరికి అవతలి పక్క నుంచి పారడం మొదలుపెట్టింది. పేరు అలాగే ఉండిపోయింది. కొత్త దారిలో నది వెళ్లి యాంగ్సీలో కలిసిన చోట హాన్‌కౌ పుట్టింది, నదీముఖం అని అర్థం. వుచాంగ్, హాన్‌కౌ, హాన్‌యాంగ్ కలిసి వుహాన్ అయ్యాయి. వుచాంగ్ చ్యూ ఉంది, హాన్‌యాంగ్ చ్యూ ఉంది, హాన్‌కౌ చ్యూ లేదు. అది మూడు ముక్కలై జియాంగ్‌ఆన్, జియాంగ్‌హాన్, చియావోకౌ చ్యూలుగా మారింది. 2020లో ప్రపంచమంతా మాట్లాడుకున్న జంతు మాంసాల మార్కెట్టు ఉన్నది జియాంగ్‌హాన్ చ్యూలో. దానికి దగ్గర్లోని రైల్వే స్టేషను కూడా ఆ చ్యూలోనే ఉంది. స్టేషను నొసట రాసి ఉన్న పేరు మాత్రం హాన్‌కౌ.